నైట్‌క్లబ్బుకి కావలసిన చదువు

మా బంధువుల్లో చాలామంది లెక్కలో నేను నర్సుని. పంతొమ్మిదేళ్ళుగా నేను పనిచేసేది నైట్‌క్లబ్బులో. ఈ రెండింటికీ మధ్య వంతెన మా బావ. ఎవరైనా "మీ మరదలు ఏం చేస్తుంటారండీ" అని అడిగితే ఆయన గొంతు సవరించుకుని, "నైట్ డ్యూటీ అండి, పాపం" అనేవాడు. అబద్ధమాడలేదు. మిగతాది అవతలివాళ్ళే అల్లుకునేవాళ్ళు. ఆ పుణ్యమా అని ఏ పెళ్ళికెళ్ళినా ఎవరో ఒక పెద్దావిడ నన్ను పక్కకి లాగి మోకాలు చూపించేది. మొదట్లో కాదని చెప్పబోయేదాన్ని, అక్క వెనకనుంచి గిల్లేది. పోనుపోను నేనే, వేడినీళ్ళ కాపడం పెట్టండి, మెట్లు తగ్గించండి అని చెప్పడం మొదలుపెట్టాను. కొందరికి తగ్గిందట కూడా.

పనిచేసినన్నాళ్ళూ ఆ పని పేరెత్తడానికే సిగ్గుపడ్డ మనుషులు, రేపోమాపో ఆ క్లబ్బుకి నేను ఓనర్ని కాబోతున్నానని తెలియగానే అడిగిన మొదటి మాట: "దానికి నీకు అర్హత ఉందా?" సిగ్గుపడాల్సిన పనికి అర్హత ఎందుకో నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు.

సంగతి ఏమిటంటే, ఒక మంగళవారం మధ్యాహ్నం మా ఓనరుగారు నన్ను బార్ దగ్గరికి పిలిచాడు. పగటిపూట నైట్‌క్లబ్బుని ఎవరూ చూడకూడదు. మేకప్ తీసేసిన పెళ్ళికూతురిలా ఉంటుంది. మాది నేలమాళిగ. తివాచీ చెప్పుల్ని పట్టుకుని వదలదు, తీగలన్నీ నల్ల టేపుతో గోడకి అంటించి ఉంటాయి, ఫినాయిల్ వాసన మీద నిన్నటి బీరు వాసన కూర్చుని ఉంటుంది. ఆయన స్టూలు మీద కాలు చాపుకుని, తన మోకాళ్ళు ఇంక ఈ మెట్లు దిగవని, దిగినా ఎక్కవని చెప్పాడు. ఆయనకి మాత్రం నా వైద్యం పనిచెయ్యలేదు. నెలాఖరుకి అద్దె ఒప్పందం అయిపోతోంది, కొత్తది నీ పేరు మీద రాయించుకో, మిగతావి మనం మనం చూసుకుందాం అన్నాడు.

నేను బ్యాగులూ హెల్మెట్లూ తీసుకునే కౌంటర్లో మొదలుపెట్టాను. తర్వాత తలుపు, తర్వాత హాలు, తర్వాత మొత్తం. ఈ పదేళ్ళలో ఓనరుగారు చేసిందల్లా సాయంత్రం వచ్చి "అంతా బాగుందామ్మా" అని అడగడం, బాగుందంటే వెళ్ళిపోవడం. ఆయన ఏం చదివాడో నాకు తెలీదు. క్లబ్బు పెట్టకముందు లౌడ్‌స్పీకర్లు బాగుచేసేవాడట. ఆయన డిగ్రీ ఏమిటని ఇన్నేళ్ళలో ఎవరూ అడగలేదు. మగవాడు, పైగా జుట్టు నెరిసింది. అలాంటివాళ్ళని అడగరు.

చిక్కల్లా ఇల్లుగలావిడ. నెలాఖరులోగా ఆవిడ సంతకం పెట్టకపోతే ఆ నేలమాళిగ బాత్‌రూం టైల్సు అమ్మేవాడికి వెళ్ళిపోతుంది. వాడు అప్పటికే రెండుసార్లు వచ్చి గోడలు కొలుచుకుపోయాడు. అప్పుడు నేనూ, నాతోపాటు ఇరవై రెండుమందీ రోడ్డు మీద.

ఇంత పెద్ద విషయం నెత్తిమీద పెట్టుకుని నేను చేసిన తెలివైన పని, అక్కకి ఫోన్ చెయ్యడం. అక్కకి చెప్తే బావకి చెప్పినట్టే. పది నిమిషాల్లో బావ ఫోన్ చేసి ఆదివారం ఇంటికి రమ్మన్నాడు. పెళ్ళిచూపులకి పిలిచినంత గంభీరంగా పిలిచాడు.

బావ ఇన్సూరెన్స్ ఆఫీసులో సూపరింటెండెంటుగా రిటైరయ్యాడు. వాళ్ళ ముందుగదిలో గోడకి మనుషుల ఫోటోలు తక్కువ, సర్టిఫికెట్లు ఎక్కువ. బావ టైపింగ్ లోయర్ పాసైన కాగితం కూడా ఫ్రేములో ఉంది. అన్నింటికన్నా పైన వాళ్ళబ్బాయి ఎంబీయే పట్టా, దాని మీద చిన్న లైటు. ఆ లైటు పగలు కూడా ఆర్పరు.

అబ్బాయి మంచివాడే. ఇరవై ఏడేళ్ళు, నెమ్మదస్తుడు, పిన్నీ పిన్నీ అంటూ తిరిగేవాడు. చదువై మూడేళ్ళయింది. రెండు ఉద్యోగాలు చేశాడు, రెండూ వాడి స్థాయికి తగవని వాళ్ళ నాన్న తేల్చేశాడు. ప్రస్తుతం ఇంట్లోనే కన్సల్టింగ్ చేస్తున్నాడు. ఎవరు వచ్చి వీణ్ణి కన్సల్టు చేస్తున్నారని అడిగితే, ఇంకా ఆ దశకి రాలేదన్నారు. తాదూర కంత లేదు, మెడకో డోలు.

బావ ఆ రోజు గంటంపావు మాట్లాడాడు. వ్యాపారమంటే గ్లాసుల్లో పొయ్యడం కాదన్నాడు. స్ట్రాటజీ అన్నాడు, బ్రాండింగ్ అన్నాడు, మానవ వనరులు అన్నాడు. ముప్పైయేళ్ళు ఒకే కుర్చీలో కూర్చుని వచ్చిన ఫైలు మీద ముద్ర వేసి పక్క బల్లకి తోసిన మనిషికి వ్యాపారం ఇంత తెలుసని నాకు అప్పటిదాకా తెలీదు. పదో క్లాసు చదువుతో ఇంత పెద్ద సంస్థని ఎలా మోస్తావన్నాడు. నేను ఆల్రెడీ మోస్తున్నాను కదా బావా అంటే, మొయ్యడం వేరు, నడిపించడం వేరు అన్నాడు. అక్క ఆ పక్కనే కూర్చుని ఆయన ప్రతి మాటకీ తలూపి, చివర్లో నా చెయ్యి పట్టుకుని ఎంతో ప్రేమగా అంది: "పెళ్ళా లేదు, డిగ్రీనా లేదు. ఏం చూసి ఇస్తారే నీకు?"

రెండు లోట్లనీ ఒకే సంచీలో వేసి చేతికిచ్చింది. సొంత అక్క కాబట్టి ఊరుకున్నాను.

అసలు చట్టంలో ఎక్కడైనా ఉందా అని అడిగాను. చట్టం సంగతి కాదు, లోకం సంగతి చూడాలన్నాడు బావ. లోకం ఆఫీసు ఎక్కడుందో నాకు తెలీదు కాబట్టి, సోమవారం పొద్దున్నే లైసెన్సుల ఆఫీసుకి వెళ్ళాను.

కిటికీ వెనక ఉన్న క్లర్కమ్మ పన్నెండు పేజీల ఫారం ఇచ్చింది. అక్కడే బెంచీ మీద కూర్చుని మొత్తం చదివాను. మంటలొస్తే బయటపడే దారులెన్ని, మంటలార్పే సిలిండర్లెన్ని, నా మీద కేసులేమైనా ఉన్నాయా, పక్కింటి గోడకి స్పీకరు ఎంత దూరం, మరుగుదొడ్లెన్ని, అందులో ఆడవాళ్ళవెన్ని. చదువు గురించి ఒక్క ముక్క లేదు. మళ్ళీ లైన్లో నిలబడి, చదువు రాయాల్సిన గడి ఎక్కడుందండీ అని అడిగాను. ఆవిడ కళ్ళజోడు సర్దుకుని పేజీలన్నీ తిప్పింది.

"దీనికి చదువు అడగరమ్మా. మరుగుదొడ్లే అడుగుతారు."

ఎంబీయే ఉంటే ఏమైనా కలిసొస్తుందా అన్నాను.

"ఉంటే మంచిదే. అది ఉందని మరుగుదొడ్డి మాత్రం తగ్గించరు."

ఆ ఫారం జిరాక్సు తీయించి బావకి పంపాను. ప్రభుత్వం స్థాయి పడిపోయిందని కబురొచ్చింది.

ఇక ఇల్లుగలావిడ. ఆవిడ ముప్పై నాలుగేళ్ళు హైస్కూల్లో పనిచేసి హెడ్మాస్టరమ్మగా రిటైరైంది. ఆ బిల్డింగు వాళ్ళాయన కట్టింది. ఆయన పోయాక బిల్డింగుతోపాటు కింద క్లబ్బు కూడా ఆవిడకే వచ్చింది. ఎదురుగా మేడ మీద ఉంటుంది. ఇన్నేళ్ళలో మా మెట్లు ఒక్కసారీ దిగలేదు. ఎవరైనా అడిగితే కింద గోడౌను ఉందని చెప్పేదట. వెళ్ళి విషయం చెప్పాను. కూర్చోమంది, మంచినీళ్ళిచ్చింది, ఎంతవరకు చదువుకున్నావంది. పదో తరగతి అన్నాను. ముందున్న నోట్‌బుక్కు మూసేసింది.

ఆవిడ బాధ ఆవిడది. ముప్పై నాలుగేళ్ళు రోజూ ప్రార్థన అయ్యాక మైకు ముందు నిలబడి, చదువు లేకపోతే బతుకు లేదర్రా అని పిల్లలకి చెప్పిందట. ఇప్పుడు నాకు సంతకం పెడితే చెప్పినదంతా అబద్ధమైపోతుందట. ఆ పిల్లల మొహం ఎలా చూడాలంది. ఆ పిల్లల్లో సగంమంది శనివారం నా దగ్గరే ఉంటారు మేడమ్ అని నోటిదాకా వచ్చింది, మింగేశాను. చదువుకున్నవాళ్ళ పేరు ఎవరిదైనా ఉంటే తీసుకురా, లేకపోతే టైల్సాయన ఉన్నాడు, అతను బీకాం అంది.

మెట్లు దిగి వీధిలోకి వచ్చేసరికి నా చెవుల్లోంచి పొగలు. టైల్సుకి బీకాం ఎందుకో, అతికించేవాడు ఏం చదివాడో నేను అడగలేదు. అక్కకి ఫోన్ చేసి కడుపులో ఉన్నదంతా కక్కేశాను. అది రెండో తప్పు. మర్నాడు బావ అబ్బాయిని వెంటబెట్టుకుని హెడ్మాస్టరమ్మ ఇంటికి వెళ్ళాడు. పట్టా నకలు కాదు, గోడ మీదున్న ఫ్రేమునే దించి, దుప్పట్లో చుట్టి పట్టుకెళ్ళాడట. ఆవిడ రెండు చేతులా అందుకుని చదివిందట.

అలా నాకు తెలియకుండా నా క్లబ్బుకి ఓనరు ఖాయమైపోయాడు. పేరు అబ్బాయిది, చూసుకోవడం నేను. ఇంట్లో మనిషే కదా, ఎవరి పేరైతే ఏమిటంది అక్క. ఎవరి పేరైతే ఏమిటంటే నా పేరే పెట్టొచ్చుగా అన్నాను. ఆ మాట ఎవరికీ వినపడలేదు, ఫోన్ సిగ్నల్ సరిగ్గా లేదన్నారు.

నేను ఒప్పుకున్నాను. కోపం వచ్చింది, కానీ ఇరవై రెండుమంది మొహాలు కూడా గుర్తొచ్చాయి. టైల్సువాడు మూడోసారి వచ్చి కొలుచుకుపోయాడు. కోపాన్ని మడిచి పర్సులో పెట్టుకున్నాను.

హెడ్మాస్టరమ్మ మాత్రం ఊరికే పాస్ చేసే రకం కాదు. అబ్బాయి ఒక శుక్రవారం తనంతట తాను నడిపి చూపించాలంది, తనే వచ్చి చూస్తానంది.

బుధవారం అబ్బాయి ల్యాప్‌టాప్ పట్టుకుని దిగాడు. ఒద్దిగ్గా అన్నీ అడిగి రాసుకున్నాడు. తలుపు దగ్గర గోడకి అంటించిన చీటీ చూసి, ఈ పదిమంది ఎవరని అడిగాడు.

ఆ పదిమంది సంగతి చెప్పాలి. ఖాళీ హాల్లోకి ఎవరూ అడుగుపెట్టరు. మెట్ల మీదనుంచి తొంగిచూస్తారు, కింద ఎవరూ లేరని, తర్వాత వద్దాం పదరా అంటారు. ఆ తర్వాత రానే రాదు. అందుకని నాకు పదిమంది ఉన్నారు. సందు చివర మంగలి, వాళ్ళావిడ, ఇద్దరు నర్సులు, ఒక టాక్సీ డ్రైవరు, చెప్పుల షాపులో పనిచేసే ముగ్గురమ్మాయిలు, బట్టలు ఆల్టర్ చేసే టైలరు, తాళాలు బాగుచేసే ఆయన. తొమ్మిదింటికల్లా వస్తారు, టిక్కెట్టు లేదు, తలో గ్లాసు నా తరఫున. హాలు మధ్యలో నిలబడి కబుర్లు చెప్పుకుంటారు, బుద్ధి పుడితే నాలుగు అడుగులు వేస్తారు. పదకొండింటికి హాలు నిండాక ఎవరిళ్ళకి వాళ్ళు పోతారు. ఎవరో ఒక పదిమంది అయితే సరిపోదు. తెచ్చి నిలబెట్టినట్టు ఉండకూడదు. ఈ పదిమందిని ఏరుకోవడానికి నాకు నాలుగేళ్ళు పట్టింది.

ఇదంతా చెప్పాను. అబ్బాయి శ్రద్ధగా విన్నాడు. విని, ఆ వరుసకి పసుపు రంగు వేసి, పక్కన 'లీకేజీ' అని టైపు చేశాడు.

ఏమీ కట్టకుండా తాగి తొందరగా వెళ్ళిపోయేవాళ్ళు మనకెందుకు పిన్నీ అని మెల్లగా అన్నాడు. అది కాదురా అని మొదలుపెట్టేలోపే బావ ఫోన్. వాణ్ణి వాడి పద్ధతిలో చెయ్యనివ్వమన్నాడు. పరీక్ష వాడిది, నువ్వు చెయ్యి పెట్టకు అన్నాడు. సరే, పెట్టను అన్నాను. ఆ శుక్రవారం రావద్దని పదిమందికీ నేనే ఫోన్ చేసి చెప్పాను. చెప్తున్నప్పుడు నా కడుపులో కొంచెం చల్లగా అనిపించిన మాట దాచను.

శుక్రవారం ఎనిమిది యాభైకల్లా హెడ్మాస్టరమ్మ వచ్చేసింది, చేతిలో నోట్‌బుక్కు, ఎర్ర పెన్ను. లోపలికి రమ్మంటే, ముందు ప్రవేశ ద్వారం చూస్తానని తలుపు పక్కనే నిలబడింది. బావ రిటైర్మెంటు నాటి సూటు వేసుకొచ్చాడు. కోటు గుండీ పట్టలేదు కాబట్టి ఫోటోలో ఉన్నట్టు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. అక్క పెళ్ళిళ్ళకి కట్టే చీర కట్టుకుని, కింద సోఫాలో హ్యాండ్‌బ్యాగు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. హాలు మొత్తానికి ఆవిడ ఒక్కతే కస్టమరు. పాట మోగుతుంటే ఖాళీ డబ్బాలో గులకరాళ్ళు వేసి ఊపినట్టుంది.

తొమ్మిదిన్నరకి కుర్రకారు రావడం మొదలైంది. మొదట వచ్చినవాడు ఆరడుగులు, చెవికి పోగు, చేతుల నిండా పచ్చబొట్లు. మెట్ల కిందికి తొంగిచూడబోయి, పక్కనున్న మనిషిని చూశాడు. నోట్లో బబుల్‌గం తీసి జేబులో పెట్టుకున్నాడు. రెండు చేతులూ వెనక్కి కట్టుకున్నాడు.

"తొమ్మిదో తరగతి, బి సెక్షన్ కదూ?" అంది హెడ్మాస్టరమ్మ. "లెక్కలు ఎలా ఉన్నాయి?"

వాడికి ముప్పై దాటి ఉంటాయి. "బాగున్నాయి మేడమ్" అని వచ్చినదారినే వెళ్ళిపోయాడు. వాడి వెనక నలుగురు, ఆ నలుగురి వెనక ఆరుగురు. మా ఊరి కుర్రాళ్ళలో ఆవిడ బెంచీ ఎక్కించనివాడు లేడు. కబురు వీధి చివరిదాకా పాకింది. పది నిమిషాల్లో మా తలుపు ముందు ఎవరూ లేరు. బావ చుట్టూ చూసి, క్రమశిక్షణ బాగుంది, తొక్కిసలాట లేదు అని మెచ్చుకున్నాడు. హెడ్మాస్టరమ్మ అది రాసుకుంది.

పదింటికి అబ్బాయి, నేను కూర్చున్న హెల్మెట్ల కౌంటరు దగ్గరికి వచ్చాడు. మొహంలో కత్తివేటుకి నెత్తురుచుక్క లేదు. "పిన్నీ" అన్నాడు.

చూస్తూ కూర్చోవచ్చు. కూర్చుంటే అబ్బాయి ఫెయిల్, ఆ వెంటనే టైల్సు. పరీక్ష వాడిదే కానీ పోయేది మా ఇరవై ముగ్గురి కూడు. నేను వెళ్ళి హెడ్మాస్టరమ్మతో, లోపల లైట్ల గదినుంచి హాలంతా కనిపిస్తుంది మేడమ్, అక్కణ్ణించి చూడండి అని చెయ్యి పట్టుకుని దించి, కుర్చీ వేసి కూర్చోబెట్టాను. ఆవిడ తలుపు వదలడంతోనే సగం పని అయింది. తర్వాత మంగలికి ఫోన్ చేశాను. ఇప్పుడే చెప్పులు విప్పానన్నాడు. వేసుకో అన్నాను. హాలు వెనక సగానికి తెర లాగేశాను, ఆ వైపు లైట్లు ఆర్పించాను. చిన్న జాగాలో కొద్దిమంది ఉన్నా నిండుగా కనిపిస్తారు. హెడ్మాస్టరమ్మ లైట్ల గది అద్దం వెనకనుంచి, ఆ తెర ఎందుకమ్మా అని అడిగింది, చెప్పాను. ఇరవై నిమిషాల్లో పదిమందిలో ఏడుగురు వచ్చారు. మంగలి వాళ్ళావిడ మా అక్కని సోఫాలోంచి లేపి మధ్యలో నిలబెట్టింది. పదకొండు అయ్యేసరికి తెర తీసేశాం, బయట లైను మందుల షాపు దాకా వెళ్ళింది. చెవిపోగువాడు కూడా తిరిగొచ్చాడు, టోపీ పెట్టుకుని.

ఆవిడ వెళ్ళేటప్పుడు నేను హెల్మెట్లు మారిపోయిన ఇద్దరి గొడవ తీరుస్తున్నాను. బావ మెట్ల దగ్గర ఎదురై, చూశారా మేడమ్, చదువంటే అదీ అన్నాడు. ఆవిడ అబ్బాయి భుజం తట్టి, సోమవారం పదింటికి కాగితాలు తీసుకురండి అంది. అబ్బాయి నోరు తెరిచి మళ్ళీ మూశాడు. నాకు ఒంటి మీద కారం చల్లినట్టయింది. అయినా హెల్మెట్లు వెతికిపెట్టాను.

సోమవారం హెడ్మాస్టరమ్మ ముందుగదిలో అందరం కూర్చున్నాం. ఒప్పందం బావే టైపు చేయించుకొచ్చాడు. నాలుగు పేజీలు. అద్దెకి తీసుకునే వ్యక్తి దగ్గర అబ్బాయి పేరు, పక్కన ఎంబీయే. రెండో పేజీలోనూ పేరు, ఎంబీయే. మూడో పేజీలోనూ. నా పేరు కోసం వెతికాను. నాలుగో పేజీ అడుగున దొరికింది. సాక్షులు: ఒకటి బావ, రెండు నేను.

బావ పెన్ను మూత తీసి నాకు అందించాడు. "ఇదిగో ఇక్కడ, మరదలా. రెండో సాక్షి."

పర్సులో మడిచి పెట్టుకున్నది ఇంక ఆగలేదు.

"నేను నడిపిన క్లబ్బు ఇంకొకరికి ఇస్తున్నారని నేనే సంతకం పెట్టాలా బావా? నేను పెట్టను."

బావ నవ్వాడు. సాక్షి సంతకానికి ఇంత రాద్ధాంతమెందుకన్నాడు. "నువ్వు పెట్టకపోతే కింద వాచ్‌మన్ ఉన్నాడుగా, పిలుస్తా."

పంతొమ్మిదేళ్ళు. ఓనరుగా పనికిరానన్నారు, సరే. సాక్షిగా కూడా నాకు బదులు దొరుకుతాడట. నేను లేచి నిలబడ్డాను. అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

హెడ్మాస్టరమ్మ మా ఎవరివైపూ చూడట్లేదు. నోట్‌బుక్కు తెరిచి, వేలితో ఒక వరుస దగ్గర ఆగి, అబ్బాయిని అడిగింది: "శుక్రవారం పది తర్వాత వచ్చి మధ్యలో నిలబడ్డారే, వాళ్ళెవరు?"

అబ్బాయి వాళ్ళ నాన్న వైపు చూశాడు. తర్వాత తలొంచుకుని చెప్పాడు.

"వాళ్ళ పేర్లు కూడా నాకు తెలీదు మేడమ్. వాళ్ళని రావద్దన్నది నేను. పిలిచింది పిన్ని. తెర వేసింది కూడా పిన్నే."

"దాన్ని డెలిగేషన్ అంటారండి," అన్నాడు బావ. "సమర్థులకి పని అప్పగించడం. ఎంబీయేలో మొదటి పాఠమే అది."

"ఒకరి బదులు ఇంకొకరు పరీక్ష రాస్తే మా స్కూల్లో డిబార్ చేసేవాళ్ళం," అంది ఆవిడ. "దానికి ఇంకో పేరు కూడా ఉందని నాకు తెలీదు."

బావ చేతిలో పెన్ను అలాగే ఉండిపోయింది. ఆవిడ నావైపు తిరిగింది. మెచ్చుకుంటుందనుకున్నాను. మెచ్చుకోలేదు. క్లాసులో పట్టుబడ్డ పిల్లతో మాట్లాడినట్టు, నీది కూడా తప్పే, నీ పేపరు తీసుకెళ్ళి వాడి చేతికిచ్చావు అంది.

"మీరు నా పేపరు తీసుకోలేదు కదా మేడమ్," అన్నాను. "పదో తరగతి అనగానే పుస్తకం మూసేశారు. అడగాల్సింది ఒక్కటీ అడగలేదు. తాగి మీద పడేవాణ్ణి ఎలా పంపిస్తావని అడగలేదు. ఒంటరిగా బయటికెళ్ళే ఆడపిల్లని ఎవరు చూసుకుంటారని అడగలేదు. కరెంటు పోతే మూడొందలమందిని ఏ గుమ్మంలోంచి పంపిస్తావని అడగలేదు. ఇవి ఏ కాలేజీలో చెప్తారో నాకు తెలీదు. చెప్తే వెళ్ళి చదువుకునేదాన్నే."

వెళ్ళిపోదామని పర్సు చేతిలోకి తీసుకున్నాను.

"ఏ గుమ్మంలోంచి?" అంది ఆవిడ.

"ఏంటి మేడమ్?"

"మూడొందలమందిని. ఏ గుమ్మంలోంచి పంపిస్తావు?"

ఆవిడ నిజంగానే అడుగుతోంది. ఎర్ర పెన్ను చేతిలో ఉంది. చెప్పాను. వెనక గుమ్మంలోంచి, ఎందుకంటే ముందు మెట్లు ఎక్కాలి, చీకట్లో ఎక్కేవాళ్ళు ఒకరి మీద ఒకరు పడతారు. వెనకది నేలకి సమానం, సందులోకి తెరుచుకుంటుంది. కరెంటు పోయిన క్షణంలో తలుపు దగ్గరున్న మనిషి ముందు మెట్లకి అడ్డం నిలబడాలి, బార్‌లో ఉన్నవాళ్ళు టార్చీలు నేల మీదికి వెయ్యాలి, మొహాల మీదికి కాదు. మొహాల మీద వేస్తే భయపడి పరిగెడతారు. రెండుసార్లు అయింది. ఒకళ్ళ చెప్పు తెగింది, అంతే. ఆవిడ ఆపకుండా ఇంకో నాలుగు అడిగింది, మూడింటికి చెప్పాను. ఒకదానికి మాత్రం తెలీదన్నాను, బిల్డింగు ఇన్సూరెన్సు సంగతి. బావ అందుకోబోయాడు. మిమ్మల్ని అడగలేదండీ అంది.

తర్వాత ఎర్ర పెన్నుతో అబ్బాయి పేరు కొట్టేసి, పైన నా పేరు రాసింది. ఎంబీయే దగ్గర ఆగింది. అది కూడా కొట్టేసి, కాగితం నావైపు తిప్పి, నీ చదువు నువ్వే రాయి అంది. పదో తరగతి అని పెద్ద అక్షరాలతో రాశాను. మూడు పేజీల్లోనూ రాశాను.

"చదువు ముఖ్యమే," అంది ఆవిడ కాగితాలు సర్దుతూ. "ఇన్నేళ్ళు నేను చెప్పిన మాట నేను వెనక్కి తీసుకోను."

"మాట వెనక్కి అడగలేదు మేడమ్. సంతకం అడిగాను."

పెట్టింది. ప్రతి పేజీలో పెట్టింది, కొట్టివేతల పక్కన కూడా చిన్నగా పెట్టింది. సాక్షులుగా బావా అబ్బాయీ పెట్టారు. వాచ్‌మన్‌ని పిలవాల్సిన అవసరం రాలేదు.

కాగితాలు పట్టుకుని ముందుగా నేనే కిందికి దిగాను. కావలసింది దొరికింది, సంతోషంగా ఉండాలి. ఉన్నాను కూడా. కానీ ఇదే ఐదు ప్రశ్నలు మొదటిరోజే అడిగి ఉంటే నెల రోజుల నా నిద్ర నాకు మిగిలేది కదా అన్న మంట మాత్రం అలాగే ఉంది, ఇది రాస్తున్నప్పుడూ ఉంది. నా వెనక మెట్లు దిగుతూ బావ, ఇంటర్వ్యూలో ఎక్కడ తప్పు జరిగిందో అబ్బాయికి వివరిస్తున్నాడు. ఏ ప్రశ్నకైనా తెలీదని చెప్పకూడదట. అదే వాడు చేసిన పొరపాటట.